చెరకు గోదురుకప్పల దేహాకృతిలో లింగ, ప్రాంత భేదాలు: జీవ నియంత్రణకు ఒక పాఠం

సారాంశం

చెరకును ఆశించే పెంకుపురుగుల నివారణకై 1935లో ఆస్ట్రేలియాలో విడుదల చేసిన గోదురుకప్పలు ఆ పనిలో విఫలమయ్యాయి. అయినా ఆ ఖండపు ఉష్ణమండల భాగమంతటా వ్యాపించాయి. ఎనభై ఏళ్ల వ్యాప్తిలో వాటి కాళ్ల పొడవు, ఎముకల కొలతలు, ఆడ మగల మధ్య ఉండే ఆకార భేదం మారినట్లు పరిశోధనలు నిరూపించాయి. ఈ మార్పు అన్ని ప్రాంతాలలోనూ, రెండు లింగాలలోనూ ఒకే తీరుగా లేదు. మారిషస్, రీయూనియన్ దీవులకు చేరిన మరొక జాతి గోదురుకప్పలోనూ ఇటువంటి మార్పులు కనిపించాయి. బయటి నుంచి తెచ్చిన జీవిని విడుదలకు ముందు ఒకసారి పరీక్షించి వదిలివేయడం ఎందుకు చాలదో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

పంటకు హాని చేసే పురుగును దాని సహజ శత్రువు చేతనే అదుపులో ఉంచడం జీవ నియంత్రణకు మూలసూత్రం. ఈ సూత్రం వల్ల వ్యవసాయానికి కలిగిన మేలు ఎంతో ఉంది. అయితే సహజ శత్రువు ఎంపికలో పొరపాటు జరిగితే కలిగే నష్టానికి ప్రపంచమంతటా ఉదాహరణగా చెప్పుకొనేది చెరకు గోదురుకప్ప. దీని శాస్త్రీయ నామం రైనెల్లా మెరైనా. పూర్వం బ్యూఫో మెరైనస్ అని వ్యవహరించేవారు. దీని స్వస్థలం దక్షిణ, మధ్య అమెరికా. మన పొలం గట్ల మీదా, వానాకాలంలో ఇళ్ల ముంగిళ్లలోనూ కనిపించే గోదురుకప్ప ఇది కాదు. అది డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ అనే వేరొక జాతి.

చెరకు గోదురుకప్ప గురించి సాధారణంగా చెప్పేది రెండు విషయాలు: పురుగును అదుపు చేయలేకపోయింది, స్థానిక జీవులకు విషమై కూర్చుంది. మూడో విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఈనాడు ఆస్ట్రేలియా పడమటి అంచున తిరుగుతున్న కప్ప, 1935లో విడుదలైన కప్ప వంటిది కాదు. దాని శరీర నిర్మాణమే మారింది.

ప్రవేశం, వ్యాప్తి

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో చెరకు పండించే దేశాలలో ఈ కప్ప ఒక చోటి నుంచి మరొక చోటికి చేరుతూ వచ్చింది. ప్యూర్టోరికో నుంచి 1932లో హవాయికి, అక్కడి నుంచి 1935 జూన్‌లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు సుమారు వంద కప్పలను తెచ్చారు. చెరకు పరిశోధన కేంద్రంలో వాటి సంతతిని పెంచి, ఆగస్టులో గార్డన్‌వేల్ పరిసరాలలో 2,400 పిల్ల కప్పలను వదిలారు. వాల్టర్ ఫ్రాగట్ అనే సీనియర్ కీటక శాస్త్రవేత్త ఈ చర్యను వ్యతిరేకించారు. విడుదలపై కొంతకాలం నిషేధం విధించినా, 1936లో దానిని ఎత్తివేశారు.

పథకం విఫలం కావడానికి కారణం పురుగు జీవిత చక్రంలోనే ఉంది. బూడిదరంగు వీపు గల చెరకు పెంకుపురుగు లార్వా దశలో నేలలో ఉండి వేళ్లను తింటుంది. మన వేరుశనగ రైతులకు పరిచితమైన వేరుపురుగు వలెనే ఇది నేల అడుగున హాని చేస్తుంది. ప్రౌఢ దశలో చెట్ల ఆకులపై ఎత్తున ఉంటుంది. నేలపై మెల్లగా గెంతే కప్పకు అడుగునున్న లార్వా గాని, పైనున్న ప్రౌఢ పురుగు గాని అందలేదు.

పురుగు అందకపోయినా కప్పకు ఇతర ఆహారానికి కొదువ లేకపోయింది. ఒక ఆడ కప్ప ఒక్కసారికి 8,000 నుంచి 30,000 వరకు గుడ్లు పెట్టగలదు. తల వెనుక ఉండే పెరోటిడ్ గ్రంథుల విషానికి అలవాటుపడని ఉడుములు, క్వోల్ అనే మాంసాహార క్షీరదాలు, కొన్ని పాములు కప్పను తిని పెద్ద సంఖ్యలో చనిపోయాయి. తొలి దశాబ్దాలలో ఏడాదికి 10–15 కిలోమీటర్లుగా ఉన్న వ్యాప్తి వేగం తరువాతి కాలంలో 50–60 కిలోమీటర్లకు పెరిగింది. కప్పలు 2001లో కకాడు జాతీయ ఉద్యానవనానికి, 2009లో పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రానికి చేరాయి. పడమరకు పోయినకొద్దీ వాన తగ్గి, నేల పొడిగా మారుతుంది. అయినా వేగం తగ్గక పెరిగింది. ఈ విరోధాభాసమే శాస్త్రవేత్తల దృష్టిని కప్ప శరీరం వైపు మళ్లించింది.

కొలతలో పాటించవలసిన జాగ్రత్త

కప్ప పరిమాణాన్ని ముట్టె కొన నుంచి మలద్వారం వరకు గల పొడవుతో సూచిస్తారు. ముందు కాళ్లు, వెనుక కాళ్లు విడివిడిగా కొలుస్తారు. అయితే పెద్ద కప్పకు కాళ్లు కూడా పొడవుగానే ఉంటాయి గనుక, కాలి పొడవును నేరుగా పోల్చితే తేలేది పరిమాణ భేదమే తప్ప ఆకార భేదం కాదు. అందువల్ల ఒక నిర్ణీత దేహపు పొడవుకు ఉండవలసిన సగటు కాలి పొడవును లెక్కించి, ప్రతి కప్ప కాలు దానికంటె ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చూస్తారు. దీనినే సాపేక్ష పొడవు అంటారు. ఈ వ్యాసంలో పొడవు, పొట్టి అని కాళ్ల విషయంలో చెప్పినప్పుడల్లా సాపేక్ష పొడవునే గ్రహించాలి.

రెండో జాగ్రత్త లింగ నిర్ధారణ. ఆడ, మగ కప్పలను కలిపి సగటు తీస్తే, ఒక చోట ఆడకప్పలు ఎక్కువ దొరకడం వల్లనే ఆ ప్రాంతపు కప్పల ఆకారం వేరుగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. కనుక లింగ భేదాన్ని, ప్రాంత భేదాన్ని విడదీసి చూడడం తప్పనిసరి.

ఆడ, మగ కప్పల మధ్య సహజ భేదం

గోదురుకప్పలలో ఆడది పెద్దది. గుడ్ల సంఖ్య దేహ పరిమాణంతో పాటు పెరుగుతుంది గనుక ఆడకప్పకు పెద్ద శరీరం లాభకరం. మగకప్ప చిన్నది, దాని చర్మం గరుకుగా ఉంటుంది. ముందు కాళ్ల వేళ్లపై నల్లని గరుకు మెత్తలు ఉంటాయి.

మగకప్పకు దేహ పరిమాణంతో పోల్చినప్పుడు కాళ్లు పొడవుగా ఉండడం పూర్వ స్థితి. దీనికి సంతానోత్పత్తి విధానంతో సంబంధం ఉంది. నీటిలో ఆడకప్ప వీపునెక్కి, ముందు కాళ్లతో గట్టిగా పట్టుకొని, గుడ్లు విడుదలయ్యేదాకా మగకప్ప ఆ పట్టు సడలనీయదు. ఆంప్లెక్సస్ అనే ఈ ఆలింగనం గంటల తరబడి సాగుతుంది. కప్పలు కిక్కిరిసి ఉన్న చెరువులో ఒక ఆడకప్ప కోసం అనేక మగకప్పలు పోటీపడతాయి; పట్టు ఊడిన మగకప్ప స్థానాన్ని మరొకటి ఆక్రమిస్తుంది. అటువంటి చోట బలమైన, పొడవైన ముందు కాళ్లు గల మగకప్పకే సంతానం మిగులుతుంది.

పాత స్థావరం, కొత్త అంచు

ఆస్ట్రేలియాలో కప్పల దేహాకృతిపై అందరి దృష్టినీ ఆకర్షించిన అధ్యయనం 2006లో వెలువడింది. బెన్ ఫిలిప్స్, గ్రెగరీ బ్రౌన్, రిక్ షైన్ తదితరులు డార్విన్ నగరానికి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కాపు వేసి, అక్కడికి అప్పుడే చేరుకుంటున్న కప్పలను కొలిచారు. మొదట చేరిన కప్పల వెనుక కాళ్లు తరువాత వచ్చిన వాటి కాళ్లకంటె పొడవుగా ఉన్నాయి. పొడవు కాళ్ల కప్పలు ఎక్కువ దూరం నడుస్తున్నట్లు కూడా తేలింది. వ్యాప్తి అంచున కొన్ని కప్పలు ఒక్క రాత్రిలో 1.8 కిలోమీటర్ల వరకు ప్రయాణించాయి.

పదేళ్ల తరువాత, 2016లో కామెరాన్ హడ్సన్, బ్రౌన్, షైన్ మరింత విస్తృతమైన కొలతలు ప్రచురించారు. హవాయి, ఆస్ట్రేలియాలలోని 67 స్థలాల నుంచి 3,000కు పైగా ప్రౌఢ కప్పలను కొలిచారు. ఈ స్థలాలలో కప్పలు ప్రవేశించి 1 నుంచి 80 ఏళ్లు గడిచాయి. ఫలితం తిన్నని గీతలా లేదు. పూర్వ స్థితిలో కాళ్లు పొడవైనవి. ఆస్ట్రేలియాలో తూర్పు నుంచి పడమరకు వ్యాపించే క్రమంలో అవి మొదట పొట్టివయ్యాయి. తరువాత వ్యాప్తి అంచుకు చేరువయ్యేసరికి తిరిగి పొడవయ్యాయి.

కాళ్ల పొడవు ఇలా తగ్గి పెరగగా, ఆడ మగల మధ్య భేదం మాత్రం ఒకే దిశలో నడిచింది. తూర్పు నుంచి పడమరకు వచ్చేకొద్దీ అది క్రమంగా తగ్గింది. వ్యాప్తి అంచున కప్పలు పలుచగా ఉంటాయి. ఒక ఆడకప్ప కోసం పెనుగులాడే మగకప్పలు అక్కడ తక్కువ. పోటీ సన్నగిల్లినప్పుడు, పోటీ కోసమే నిలిచిన మగకప్ప ప్రత్యేకతకు విలువ తగ్గడం సహజం. ఇక దూర ప్రయాణానికి అనువైన శరీరం ఆడకైనా, మగకైనా ఒకటే. ఈ రెండు కారణాల వల్ల రెండు లింగాల ఆకారాలు దగ్గరయ్యాయని భావించవచ్చు.

అదే సంవత్సరం ఎముకలను త్రిమితీయంగా కొలిచిన మరొక అధ్యయనం వెలువడింది. పాత స్థావరాల కప్పలకూ, అంచు కప్పలకూ తల, కాళ్లు, భుజ వలయం, కటి వలయం ఎముకల సగటు కొలతలలో 0.5 నుంచి 16.5 శాతం వరకు తేడా కనిపించింది. అంచు కప్పల ముందు కాళ్ల ఎముకలు వెడల్పైనవి, వెనుక కాళ్ల ఎముకలు సన్ననివి, కపాలం పొందికైనది. శత్రువు నుంచి తప్పించుకొనేందుకు అప్పుడప్పుడు వేసే పెద్ద దూకుకు బలమైన వెనుక కాళ్లు కావాలి. రాత్రంతా వెంటవెంటనే వేసే చిన్న గెంతులకు, ప్రతిసారీ నేలకు తగిలే తాకిడిని ఓర్చుకొనే ముందు కాళ్లు కావాలి. కప్పల వంశానికి సహజమైన దూకుడు నిర్మాణం ఇక్కడ దూర ప్రయాణానికి అనువుగా మలచబడిందని పరిశోధకులు వివరించారు.

దూరం చేసే వడపోత

కాళ్ల పొడవు తగ్గడం, పెరగడం అనే రెండు వ్యతిరేక మార్పులను అర్థం చేసుకోవాలంటే రెండు ప్రక్రియలను వేరుగా చూడాలి. మొదటిది ప్రకృతి వరణం. ఎక్కువ కాలం బతికి, ఎక్కువ సంతానం కన్న జీవుల లక్షణాలు తరువాతి తరాలలో పెరుగుతాయి. స్థిరపడిన జనాభాలో కాళ్లు పొట్టివి కావడానికి నడక సామర్థ్యంపై పనిచేసిన ప్రకృతి వరణం కారణం కావచ్చు.

రెండవది స్థల వడపోత. షైన్, బ్రౌన్, ఫిలిప్స్ 2011లో దీనికి స్పష్టమైన సిద్ధాంత రూపమిచ్చారు. ధాన్యాన్ని తూర్పారబట్టినప్పుడు తేలిక గింజలు దూరంగా, బరువు గింజలు దగ్గరగా పడినట్లే, ప్రతి ఏడాదీ వేగంగా నడిచే కప్పలు మాత్రమే అంచుకు చేరతాయి. అక్కడ వాటికి దొరికే జోడీలు కూడా వేగంగా నడిచేవే. వాటి సంతానంలో రెండు వైపుల నుంచీ వేగపు జన్యువులు చేరతాయి. ఆ సంతానంలో మరీ వేగమైనవి మరుసటి ఏడాది అంచుకు చేరతాయి. వేగంగా నడిచినందువల్ల సంతానం పెరగకపోయినా ఈ వడపోత సాగిపోతుంది. ఇది ప్రకృతి వరణం నుంచి దీనిని వేరుచేసే ముఖ్య లక్షణం.

ఈ వడపోతకు కప్ప చెల్లించే మూల్యం కూడా ఉంది. అంచున ఉన్న పెద్ద కప్పలలో సుమారు 10 శాతం వాటికి వెన్నెముక కీళ్లవాపు ఉన్నట్లు 2007లో బ్రౌన్ బృందం గుర్తించింది. అంచున ఆడకప్పలు గుడ్లు పెట్టడం కూడా పాత స్థావరాలకంటె అరుదు. శరీరానికి హాని కలుగుతున్నా, సంతానం తగ్గినా, మొదట చేరినదే అంచున మిగులుతుంది.

వారసత్వమా, పరిసర ప్రభావమా?

అంచున ఆహారం సమృద్ధిగా ఉండడం వల్లనే కాళ్లు పొడవుగా పెరిగాయేమో అన్న సందేహం న్యాయమైనదే. పంటల పరిశోధనలో వివిధ రకాలను ఒకే క్షేత్రంలో, ఒకే యాజమాన్యంతో సాగుచేసి పోల్చుతారు. కప్పల విషయంలోనూ ఇదే పద్ధతిని అనుసరించారు. ఆస్ట్రేలియాలోని వివిధ స్థలాల కప్పల సంతానం 489 కప్పలను ఒకే చోట, ఒకే రీతిలో పెంచి కొలిచారు. వాటి తల్లిదండ్రుల ప్రాంతాల మధ్య ఉన్న తేడాలవంటివే వీటిలోనూ కనిపించాయి. కాళ్ల కొలతల అనువంశికత 17 నుంచి 31 శాతంగా తేలింది.

పంట ప్రజననంలో ఈ స్థాయి అనువంశికతను తక్కువ నుంచి మధ్యస్థం అంటారు. ఉదాహరణకు అనువంశికత 25 శాతం అనుకుందాం. ఎంపికైన తల్లిదండ్రుల కాళ్లు సగటుకంటె 1 మిల్లీమీటరు పొడవుగా ఉంటే, సంతానంలో నిలిచే వృద్ధి 0.25 మిల్లీమీటరు. ఒక తరంలో ఇది స్వల్పమే. కాని ఎంపిక ప్రతి తరంలోనూ ఒకే దిశలో సాగితే కొన్ని పదుల తరాలలో కంటికి కనిపించే మార్పు వస్తుంది. ప్రజననకారుడు క్షేత్రంలో చేసే పనిని ఇక్కడ దూరం చేసింది.

మారిషస్, రీయూనియన్ దీవుల అనుభవం

విశాల ఖండంలో కప్పలు ప్రయాణికులుగా మారగా, చిన్న దీవులలో మరొక రకమైన మార్పు కనిపించింది. దక్షిణాఫ్రికాకు చెందిన స్క్లీరోఫ్రిస్ గట్టురాలిస్ అనే గోదురుకప్పను 1922లో మారిషస్‌కు, అక్కడి నుంచి 1927లో రీయూనియన్‌కు తీసుకువెళ్లారు. మారిషస్‌లో ఉద్దేశం మళ్లీ చెరకు పెంకుపురుగుల నివారణే. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారు శ్రమించినది కూడా ఈ దీవి చెరకు తోటలలోనే.

ఈ దీవుల కప్పలను దక్షిణాఫ్రికాలోని మూల జనాభాతో పోల్చిన అధ్యయనం 2020లో వెలువడింది. మారిషస్ ఆడకప్పలు మూల జనాభా ఆడకప్పలకంటె 33.9 శాతం, రీయూనియన్ ఆడకప్పలు 25.9 శాతం చిన్నవి. మగకప్పలలో మారిషస్‌లోనివి 22.4 శాతం చిన్నవి. రీయూనియన్ మగకప్పలలో అటువంటి గణనీయమైన తగ్గుదల లేదు. రెండు దీవులలోనూ, రెండు లింగాలలోనూ వెనుక కాళ్ల సాపేక్ష పొడవు 3.4 నుంచి 9 శాతం వరకు తగ్గింది.

ఇక్కడ గమనించవలసినది లింగాల మధ్య తేడా. పెద్దదైన ఆడకప్పే ఎక్కువగా కుదించుకుపోయింది. ఆడ, మగ కప్పలను విడదీయకుండా రీయూనియన్ కప్పలను కొలిచి ఉంటే, ఆడకప్పలలోని పెద్ద మార్పు, మగకప్పలలోని స్థిరత్వం కలిసిపోయి అస్పష్టమైన సగటు మిగిలేది. అయితే ఒకే చోట పెంచి పోల్చే పరీక్ష ఈ అధ్యయనంలో భాగం కానందువల్ల, ఇది వారసత్వంగా వచ్చిన మార్పా, లేక పరిసరాలకు శరీరం చూపిన స్పందనా అన్న ప్రశ్నను పరిశోధకులు తెరచే ఉంచారు.

నియంత్రణలో ఈ జ్ఞానం ఉపయోగం

దేహాకృతి భేదాల జ్ఞానం ఆస్ట్రేలియాలో నివారణ వ్యూహానికి దారితీసింది. పశ్చిమాన కింబర్లీ, పిల్బరా ప్రాంతాల మధ్య ఎడారికీ సముద్రానికీ నడుమ సన్నని మార్గం ఉంది. అక్కడ ఎండాకాలంలో కప్పలకు ఆధారం పశువుల కోసం ఏర్పాటు చేసిన నీటి వనరులు. వాటిని కప్పలకు అందకుండా చేస్తే వ్యాప్తిని ఆపవచ్చని 2013లో లెక్కించారు. 2016లో దీనికి మరొక ఉపాయం జోడించారు. కార్చిచ్చు రాకముందే దాని దారిలోని పొదలను తగులబెట్టి మంటను ఆపినట్లు, తూర్పున ఉన్న మెల్లగా నడిచే కప్పలను అడ్డుగోడ సమీపంలో ముందుగానే నెలకొల్పాలన్నది ఆ ప్రతిపాదన. వేగమైన కప్పలు వచ్చేసరికి స్థలం నిండి ఉంటుంది; వాటి వేగపు జన్యువులు స్థానికంగా పోటీలో పలచబడతాయి. రెండు జనాభాలు ఒకే జాతివైనా ఒకే స్వభావం కావని తెలిసినందువల్లనే ఇటువంటి ఆలోచన సాధ్యమైంది.

మన దేశంలో బయటి నుంచి తెచ్చే జీవ నియంత్రణ కారకాలు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుల పరిధిలోకి వస్తాయి. కప్పవలె దొరికినదల్లా తినే జీవికి నేటి విధానంలో చోటులేదు. ఒకే ఆతిథేయిపై ఆధారపడే వాటినే ఎన్నుకుంటారు. అయినా విడుదల తరువాతి పరిశీలన అవసరం తీరదు. వయ్యారిభామ నివారణకు మెక్సికో నుంచి తెప్పించిన జైగోగ్రామా పెంకుపురుగును ముందస్తు పరీక్షల అనంతరం 1984లో బెంగళూరులో విడుదల చేశారు. కొన్నేళ్లకు అది పొద్దుతిరుగుడు ఆకులపై కనిపించడంతో ఆందోళన కలిగి, మళ్లీ పరీక్షలు జరపవలసి వచ్చింది. అది దేహాకృతికి సంబంధించిన విషయం కాకపోయినా, విడుదలైన జీవిని కొన్నేళ్ల తరువాత తిరిగి చూడవలసిన అవసరాన్ని చూపుతుంది.

చెరకు గోదురుకప్ప అనుభవం నుంచి అటువంటి పరిశీలనకు కొన్ని నియమాలు లభిస్తాయి. విడుదల చేసే నాటి నమూనాలను కొలిచి భద్రపరచాలి. పోలికకు ఆధారం అవే. ఆడ, మగ జీవుల లెక్కలను వేరుగా నమోదు చేయాలి. విడుదల స్థలంలోని జనాభాను, వ్యాప్తి అంచులోని జనాభాను విడివిడిగా కొలవాలి. వ్యాప్తి వేగాన్ని తొలి ఏళ్ల లెక్కల నుంచే అంచనా కట్టకూడదు. తేడా కనిపించినప్పుడు ఒకే చోట పెంచి, అది వారసత్వమో కాదో తేల్చాలి.

మన పొలాలలో పురుగులను తిని మేలు చేసే గోదురుకప్ప విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. ఆగ్నేయాసియా నుంచి చేరిన ఇదే సమూహపు కప్పలు మడగాస్కర్‌లోని టొమాసినా రేవు పరిసరాలలో వ్యాపిస్తున్నట్లు 2014లో వెల్లడైంది. స్వస్థలంలో మిత్రుడైన జీవి పరాయి నేలపై సమస్య కావచ్చుననడానికి దూరదేశాల ఉదాహరణే అవసరం లేదు.

ముగింపు

1935లో క్వీన్స్‌లాండ్ చెరకు క్షేత్రాలలో విడుదలైన కప్పకు రోజుకు ఎంత దూరం నడవగలదన్న పరీక్ష జరిపి ఉన్నా, ఆ ఫలితం నేటి అంచు కప్పకు వర్తించేది కాదు. అదే జాతి వేర్వేరు చోట్ల వేర్వేరు శరీరాలను సంతరించుకుంది. మగ, ఆడ కప్పలు వేర్వేరు దారులలో మారాయి. కొత్త నేలపై అడుగుపెట్టిన జీవి మారుతూనే ఉంటుందని గ్రహించి, దానిని తరతరానికీ కొలుస్తూ ఉండడమే జీవ నియంత్రణను చేపట్టేవారి బాధ్యత.